కమిటీలో మూడో మనిషి

చోన్-బులాక్ అనే ఊళ్లో, నర్సింగ్ కాలేజీ మెట్ల పక్కన ఒక గాజు గది ఉంది. అందులో ఒక బల్ల, ఒక కరెంటు పొయ్యి, గోడకి వరసగా మేకులు, మేకులకి తాళంచెవులు. పదకొండేళ్లుగా ఆ గదిలో కూర్చుంటున్న మనిషి జూరకాన్. యాభై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులు, మెడ చుట్టూ ఎండాకాలంలో కూడా వదలని ఊలు శాలువా. ఏ గది తాళం ఎవరు తీసుకున్నారు, ఎన్నింటికి తీసుకున్నారు, ఎన్నింటికి తెచ్చిచ్చారు అన్నది ఒక లావుపాటి పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకోవడం ఆవిడ ఉద్యోగం.

"ఇదేమన్నా బ్యాంకా అక్కా, ఇన్ని సంతకాలు?" అని మేష్టర్లు విసుక్కునేవాళ్లు.

"బ్యాంకైతే నా జీతం బాగుండేది. పెట్టండి సంతకం," అనేది జూరకాన్.

అంతకు ముందు పందొమ్మిదేళ్లు పాల ఫ్యాక్టరీలో పనిచేసింది. వచ్చిన ప్రతి క్యాను పాలలో వెన్న ఎంతుందో గాజు గొట్టంలో చూసి రాయడం అక్కడ ఆవిడ పని. ఒకసారి మేనేజరు నీళ్లు కలిపిన పాలకి మంచి అంకె వేయమన్నాడు. గొట్టంలో కనిపించిందే వేస్తానంది. ఆ ఏడాది ఆవిడకి బహుమతీ రాలేదు, సెలవులో సరస్సు ఒడ్డున విశ్రాంతి గృహమూ దొరకలేదు. ఆ తరవాత ఫ్యాక్టరీయే మూతపడింది. "నీ అంకెల వల్లే మూసేశారు," అని ఆవిడ మొగుడు కుబాత్ ఇప్పటికీ వెక్కిరిస్తాడు. అతను బజారు నుంచి పై ఊళ్లకి వ్యాను నడుపుతాడు.

అలాంటి మనిషి ముందు, ఒక అక్టోబరు సోమవారం, ఉప ప్రిన్సిపాలు ఎసెన్‌కుల్ ఒక కాగితం పెట్టాడు.

"ఇక్కడ ఒక సంతకం అక్కా."

"ఏమిటిది?"

"పైనుంచి ఆర్డరు. ఆడపిల్లల పట్ల వివక్ష, వేధింపులు లేకుండా చూడ్డానికి ప్రతి కాలేజీలో ముగ్గురితో కమిటీ ఉండాలంట. అధ్యక్షుణ్ణి నేను. టీచర్లలో క్లావ్దియా పెత్రోవ్నా. బోధించనివాళ్లలో ఒక ఆడమనిషి కావాలన్నారు. క్యాంటీన్ బత్మాని అడిగితే తనకి చదువు రాదంది."

"నాకు వచ్చని ఎవరు చెప్పారు?"

"రోజూ ఆ పుస్తకంతో మా ప్రాణాలు తీస్తున్నారుగా. పెట్టండక్కా, పనేమీ ఉండదు. పేరుకే."

పేరుకే అన్న మాటకి జూరకాన్‌కి మొదటి చిరాకు పుట్టింది. కాగితాన్ని పక్కన పెట్టి, జతచేసిన నియమాల పుస్తకం తీసి, కళ్లజోడు తుడుచుకుని, పదహారు పేజీలూ చదివింది. ఎసెన్‌కుల్ కాళ్లు మార్చి మార్చి నిలబడ్డాడు. అంతా అయ్యాక సంతకం పెట్టింది. పెట్టిన క్షణం నుంచీ పశ్చాత్తాపపడుతూనే ఉంది.

నియమాల ప్రకారం ఒక ఫిర్యాదుల పెట్టె ఉండాలి. ఎసెన్‌కుల్ దాన్ని తన గది తలుపు పక్కనే తగిలించాడు. లోపల కూర్చుని చూస్తే ఎవరు కాగితం వేస్తున్నారో చక్కగా కనబడుతుంది.

"ఇక్కడైతే ఎవరేస్తారు?" అంది జూరకాన్.

"ఏదైనా ఉంటే వేస్తారు. ఏమీ లేదు కాబట్టి వేయరు. అదే కదా మనక్కావలసింది?"

వారం రోజులు వాదించి లాభం లేక ఒక శుక్రవారం తనే స్క్రూలు విప్పి, ఆ పెట్టెను ఆడపిల్లల మరుగుదొడ్ల పక్క గోడకి బిగించింది. ఎసెన్‌కుల్ మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. అది పెద్ద నష్టమని ఆవిడకి అనిపించలేదు.

పెట్టెలోకి కాగితాలు రావడం మొదలైంది. క్యాంటీన్‌లో మాంసం కూరి కాల్చే సంసాల్లో మాంసం కంటే ఉల్లిపాయే ఎక్కువని ఒకరు. రెండో అంతస్తులో చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయని ఒకరు. ఒకటి ప్రేమలేఖ, ఎవరికో తెలీదు. నమిలేసిన బబుల్‌గమ్ రెండుసార్లు. జూరకాన్ పళ్లు నూరుకుంటూ ప్రతి దానికీ జవాబు రాసి పెట్టె కింద అంటించేది: 'ఉల్లిపాయ గురించి బత్మాతో మాట్లాడాను. నన్నే తిట్టింది.' పిల్లలు గుంపుగా నిలబడి చదివి నవ్వుకునేవాళ్లు. ఒక రోజు మాత్రం, 'మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదు, మగపిల్లలు తోసి నవ్వుతున్నారు' అని వచ్చింది. మరమ్మతుల శాఖకి దరఖాస్తు పెట్టమన్నారు. దరఖాస్తు పెడితే నమూనా తప్పన్నారు. మూడోసారి కూడా తప్పే అనేసరికి జూరకాన్ బజారుకి వెళ్లి గడియ కొనుక్కొచ్చి తనే బిగించింది.

ఆ తరవాతే ఆ చీటీ వచ్చింది. పాఠాల పుస్తకంలోంచి చింపిన ముక్క. పేరు లేదు. 'పద్నాలుగో గదిలో సప్లిమెంటరీ వైవా. తలుపు మూయకూడదని ఎవరైనా చెప్పండి.'

అంతే.

జూరకాన్ దాన్ని నాలుగుసార్లు చదివింది. తరవాత తాళాల పుస్తకం తిరగేసింది. పద్నాలుగో గది తాళం, మంగళవారాలూ గురువారాలూ, తరగతులు అయిపోయాక తీసుకున్నవాడు ఒక్కడే. అనాటమీ మేష్టరు తుర్దకున్. అరవై దాటిన మనిషి. ఊళ్లో సగం మంది నర్సులు ఆయన దగ్గర చదివినవాళ్లే. పెళ్లిళ్లలో ఆయనకి పెద్దల వరసలో చోటు. జూరకాన్ ఆడపడుచుని ఇచ్చింది కూడా ఆయన తమ్ముడికే.

నోటీసు బోర్డు మీద మార్కుల జాబితా ఉంది. వెళ్లి చూసింది. వైవా తప్పినవాళ్లు పద్నాలుగు మంది. అందులో అయిదుగురు మగపిల్లలు. ఆ అయిదుగురూ మర్నాటికే పాసయ్యారు, వరండాలో నిలబెట్టి రెండు ప్రశ్నలడిగాడట. తొమ్మిది మంది ఆడపిల్లలకి మాత్రం ఒక్కొక్కరికీ విడివిడిగా రోజు, గంట.

పెట్టె కింద కొత్త కాగితం అంటించింది: 'పద్నాలుగో గది గురించి రాసిన అమ్మాయికి. చదివాను. ఎనిమిది నుంచి అయిదు దాకా నా గదిలోనే ఉంటాను. పేరు చెప్పక్కర్లేదు. టీ ఉంటుంది.'

వారం దాకా ఎవరూ రాలేదు. పదో రోజున, రెండో ఏడాది చదువుతున్న పందొమ్మిదేళ్ల పిల్ల, ఐజిరెక్, లైబ్రరీ తాళం కావాలని వచ్చింది. లైబ్రరీ తెరిచే ఉంది.

"కూర్చో," అంది జూరకాన్, టీ పోస్తూ.

పిల్ల కూర్చుంది. కప్పు రెండు చేతులా పట్టుకుంది. తరవాత గబగబా చెప్పింది.

"ఎముకల పేర్లు అస్థిపంజరం మీద అడగడక్కా. నా మీద అడుగుతాడు. చెయ్యేసి ఇదేంటి, ఇదేంటి అంటాడు. భుజం దగ్గర మొదలెట్టి... నేను చెయ్యి తోసేశాను. 'అంత సిగ్గున్నదానివి రోగులకేం సేవ చేస్తావు' అని వైవా తప్పించేశాడు. మళ్లీ రమ్మన్నాడు. ఇది మూడోసారి."

"ఇంకా ఎవరికన్నా ఇలా..."

"అందరికీ తెలుసు. లావు స్వెట్టర్లు వేసుకుని వెళ్తాం."

జూరకాన్ మేకుకి వేలాడుతున్న పద్నాలుగో గది తాళం వైపు చూసింది. ఈ పిల్లలు దీనికో ఉపాయం కనిపెట్టుకుని, చలి దుస్తుల్లా అలవాటు చేసుకున్నారు. కాలేజీలో నలభై మంది ఉద్యోగులున్నారు. ఆవిడ కూడా ఉంది. పదకొండేళ్లుగా ఆ తాళం తన చేత్తోనే ఇస్తోంది.

"రాసిస్తావా?"

"మా అన్నకి తెలిస్తే చదువు మానిపించి ఊరికి తీసుకుపోతాడు. ఆయన్నేం అనడు. నన్నే, 'నువ్వెందుకెళ్లావ్' అంటాడు."

"కమిటీ బయటికి నీ పేరు పోదు. ఈ నియమాల పుస్తకంలో తొమ్మిదో పేజీలో ఉంది, చూడు."

"పుస్తకంలో ఉంటే అవుతుందా అక్కా?"

జూరకాన్ పుస్తకం మూసి, కాగితం, పెన్ను పిల్ల ముందుకి జరిపింది. టీ ఇంకోసారి పోసింది. పిల్ల రాసిచ్చింది.

మర్నాడు ఎసెన్‌కుల్ గదికి వెళ్లింది.

"ఫిర్యాదు వచ్చింది. కమిటీ కూర్చోవాలి."

"ఎవరి మీద?" చెప్పగానే అతను తల పట్టుకున్నాడు. "అక్కా! ఆయన నాకు గురువు. మీకు చుట్టం. పెద్దమనిషి. ఏదో ఎముక చూపించి ఉంటాడు. ఎవరా పిల్ల?"

"కమిటీలో చెప్తాను."

"నేనే కమిటీ అధ్యక్షుణ్ణి!"

"కమిటీ కూర్చుంటే అధ్యక్షులు. ఇప్పుడు మీరు కుర్చీలో ఒక్కరే కూర్చున్నారు."

"క్లావ్దియా పెత్రోవ్నా బీపీ సెలవులో ఉంది. ముగ్గురూ లేందే కూర్చోడానికి లేదు. ఆవిడ వచ్చాక చూద్దాం."

"ఎప్పుడొస్తుంది?"

"బీపీ తగ్గాక," అన్నాడు ఎసెన్‌కుల్, దారి దొరికినవాడిలా.

క్లావ్దియా పెత్రోవ్నా నాలుగో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు లేదు. జూరకాన్ ప్రతి మెట్టు దగ్గరా ఒకరిని తిట్టుకుంటూ ఎక్కింది: ఎసెన్‌కుల్‌ని, ఆర్డరు పంపినవాళ్లని, ఇల్లు కట్టినవాణ్ణి. తలుపు తీసిన ముసలావిడ చేతికి బీపీ యంత్రం పట్టీ చుట్టుకునే ఉంది.

"నూట డెబ్బై," అంది క్లావ్దియా. "నాతో చావు గురించి తప్ప ఇంకేమీ మాట్లాడకు జూరా."

"తుర్దకున్ గురించి మాట్లాడదామని వచ్చాను."

ముసలావిడ పట్టీ విప్పి ఒళ్లో పడేసుకుంది. "మళ్లీనా?" అంది.

"మళ్లీ ఏమిటి?"

"ఇరవై రెండేళ్ల కిందట ఒక పిల్ల నా దగ్గరికే వచ్చి ఏడ్చింది. అప్పుడు కాలేజీ ఉద్యోగులకి ఇళ్లు కేటాయించే జాబితా ఆయన చేతిలో ఉండేది. ఈ ఇల్లే. 'సర్దుకుపో తల్లీ, చదువు అయిపోతుంది' అన్నాను. ఆ పిల్ల చదువు మానేసింది." పట్టీని చుట్టచుడుతూ అంది, "పేరు గుర్తులేదు. అదే నాకు మండుతుంది. ముఖం గుర్తుంది, పేరు గుర్తులేదు."

జూరకాన్‌కి ఆవిణ్ణి తిట్టాలనిపించింది. తిట్టే ముందే క్లావ్దియా బూట్లు తొడుక్కోవడం మొదలెట్టింది. "బీపీ యంత్రం సంచిలో పెట్టు. ఎప్పుడు మీటింగు?"

ఊరు చిన్నది. మీటింగు కంటే ముందే మాట పాకింది. తుర్దకున్ గాజు గది దగ్గర ఆగి, తాళం తీసుకుంటూ, "ఏం జూరకాన్, జడ్జివయ్యావట? నల్లకోటు కుట్టించుకున్నావా?" అన్నాడు.

"సంతకం పెట్టు అన్నా."

"నీ మొగుడి చెల్లెలు మా ఇంటి కోడలు. మరిచిపోకు."

"టైము కూడా వెయ్యి. నాలుగూ పది."

ఆ ఆదివారం ఒక పేరు పెట్టే విందులో ఆడపడుచు ఆవిడ పక్క నుంచి లేచి అవతలి చివర కూర్చుంది. పోతూ, అందరికీ వినబడేలా, "రేపు మన ఇళ్లలో శుభకార్యాలకి ఎవరొస్తారు? తాళంచెవులొస్తాయా?" అంది. ఇంటికి వస్తుంటే కుబాత్ వ్యాను నడుపుతూ మొదలెట్టాడు.

"నీకెందుకే ఇదంతా? వ్యానెక్కినవాళ్లందరూ నన్నే అడుగుతున్నారు."

"ఏమని చెప్తున్నావ్?"

"మా ఆవిడ గొట్టంలో కనబడింది రాస్తుంది, నేనేం చెయ్యను అంటున్నాను."

జూరకాన్ కిటికీ వైపు తిరిగింది. నవ్వు వచ్చింది కానీ, అతనికి చూపించడం ఇష్టం లేకపోయింది.

మీటింగులో ఎసెన్‌కుల్ ముందే రాసి తెచ్చిన కాగితం చదివాడు. 'అపార్థం వల్ల కలిగిన ఫిర్యాదు. ఇరుపక్షాలకీ నచ్చచెప్పడమైనది.' అప్పటికి జూరకాన్ దగ్గర ఒకటి కాదు, నాలుగు ఫిర్యాదులున్నాయి. ఐజిరెక్ తరవాత ముగ్గురు వచ్చి టీ తాగి, పేర్లతో సహా రాసిచ్చి వెళ్లారు. తుర్దకున్‌ని లోపలికి పిలిచారు. ఆయన నిబ్బరంగా కూర్చున్నాడు.

"అనాటమీ అంటేనే ఒళ్లు. ఒళ్లు ముట్టుకోకుండా ఎలా నేర్పుతారు, తాళంచెవుల శాస్త్రంలా?"

"పద్నాలుగో గదిలో అస్థిపంజరం ఉందిగా అన్నా," అంది జూరకాన్. "మొన్ననే దుమ్ము తుడిచాను. ఎముకలన్నీ ఉన్నాయి."

"దానికీ మనిషికీ తేడా..."

"మగపిల్లలు అయిదుగురు తప్పారు. వాళ్లనెవరినీ తలుపు మూసి పిలవలేదే? వాళ్లకి ఎముకలు లేవా?"

తుర్దకున్ ఎసెన్‌కుల్ వైపు చూశాడు. ఎసెన్‌కుల్ కిటికీ వైపు చూశాడు. క్లావ్దియా ఆ ఇరవై రెండేళ్ల కిందటి సంగతి, కన్నార్పకుండా ఆయన ముఖంలోకే చూస్తూ, తేదీ గుర్తున్నంతవరకూ చెప్పింది. చెప్పడం అయ్యాక బీపీ చూసుకుంది. తుర్దకున్ లేచి వెళ్లిపోయాడు. 'అపార్థం' కాగితం మీద ఇద్దరాడవాళ్లూ సంతకం పెట్టలేదు. తమ నిర్ణయం తామే రాసి, తాళాల పుస్తకం పేజీలూ, మార్కుల జాబితా జతచేశారు.

ఇంత జరిగాక ఏమైంది? పదిహేను రోజుల్లో తుర్దకున్ స్వచ్ఛందంగా ఉద్యోగం మానేశాడు. ఆయన్ని సాగనంపుతూ సభ పెట్టి, శాలువా కప్పి, సుదీర్ఘ సేవకి ప్రశంసాపత్రం ఇచ్చారు. పక్క ఊరి కాలేజీలో జనవరి నుంచి ఆయనకి ఉద్యోగం సిద్ధంగా ఉందని క్యాంటీన్‌లో బత్మా చెప్పింది. తొమ్మిది మంది ఆడపిల్లల మార్కులు మాత్రం అలాగే ఉన్నాయి. తప్పినవాళ్లు తప్పినట్టే.

జూరకాన్ ఆ రోజు గాజు గదిలో టీ కప్పు బల్ల మీద కొట్టి పగలగొట్టింది. తరవాత తనే ముక్కలు ఏరుకుంది.

పైఆఫీసుకి ఉత్తరం రాసింది. నెల తరవాత జవాబు వచ్చింది: 'మీ ఫిర్యాదును పరిశీలన నిమిత్తం సంబంధిత కాలేజీకి పంపడమైనది.' ఆ ఉత్తరం ఎసెన్‌కుల్ బల్ల మీదికి చేరింది. ఎసెన్‌కుల్ దాని మీద 'కమిటీకి' అని రాసి పంపాడు. మర్నాడు పొద్దున జూరకాన్ తన గది తెరిస్తే తన ఉత్తరమే తన బల్ల మీద ఉంది, మూడు ముద్రలతో.

"నాకు నేనే జవాబు రాసుకోవాలా?" అని అరిచింది. మెట్ల మీద పోతున్న పిల్లలు బెదిరిపోయారు.

మర్నాడు కుబాత్ వ్యానులోనే రెండు గంటలు ప్రయాణం చేసి పైఆఫీసుకి వెళ్లింది. లోపలికి రానివ్వలేదు. వరండాలో కుర్చీ వేసుకుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని, అల్లిక తీసింది. రెండో రోజూ వెళ్లింది. మూడో రోజు ఒక గుమాస్తా అమ్మాయి విసుగ్గా వచ్చి, "మీకేం కావాలి పెద్దమ్మా?" అంది.

"ఈ కాగితం మా కాలేజీకి పంపకుండా మీ దగ్గరే ఉంచుకోవడం."

"మీరెవరు?"

"కమిటీలో మూడో మనిషిని."

ఆ అమ్మాయి కాగితాలు తీసుకుని నిలబడే చదివింది. చదువుతున్నకొద్దీ విసుగు ముఖంలోంచి పోయింది. "నేనూ మీ కాలేజీలోనే చదివాను," అని, ఫైలు పట్టుకుని నేరుగా పెద్దాఫీసరు గదిలోకి వెళ్లింది.

ఫిబ్రవరిలో తనిఖీకి ఒకావిడ వచ్చింది. లైబ్రరీలో కూర్చుని పిల్లలతో ఒక్కొక్కరితో మాట్లాడింది, పేర్లు గుంజలేదు. పక్క ఊరిలో తుర్దకున్ ఉద్యోగం రద్దయింది. పిల్లలకి చదువు చెప్పే పనిలో ఇక ఆయన్ని తీసుకోకూడదని ఉత్తర్వు వచ్చింది. ప్రశంసాపత్రం వెనక్కి అడగలేదు, అలాంటి నిబంధన లేదట. ఎసెన్‌కుల్‌కి ఒక మందలింపు. అతను అధ్యక్షుడిగానే ఉన్నాడు. తొమ్మిది మంది పిల్లలకీ లైబ్రరీలో, తలుపులు బార్లా తెరిచి, ఇద్దరు పరీక్షకుల ముందు మళ్లీ వైవా పెట్టారు. పద్నాలుగో గదిలోంచి అస్థిపంజరాన్ని మోసుకెళ్లడానికి మాత్రం ఎవరూ ముందుకి రాకపోతే, దాని తల జూరకానే పట్టుకుంది. అప్పటినుంచీ ఆ కాలేజీలో వైవాలన్నీ లైబ్రరీలోనే. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి వారమే జూరకాన్ ఒక గంట మాట్లాడాలని కూడా ఆర్డరు వచ్చింది. ఇదొకటి తగిలించారు అని ఆవిడ ఇంకా గొణుగుతూనే ఉంటుంది. ఆడపడుచు ఇంకా మాట్లాడటం లేదు.

మేలో ఒక శనివారం జూరకానూ క్లావ్దియా బజారులో బల్ల మీద కూర్చుని పుల్లటి చల్లటి అష్లాన్-ఫూ నూడుల్స్ తింటున్నారు. ఎదురుగా ఐజిరెక్ వచ్చింది. పక్కన పొడుగ్గా ఒక మనిషి, భుజం మీద పిండి బస్తా. ఐజిరెక్ చూసి, చూపు తిప్పుకుని, గిన్నెల కొట్టు వైపు నడిచింది.

"పలకరించనైనా లేదు," అంది క్లావ్దియా. "నీ మోకాళ్లు అరిగింది దీనికోసమా?"

"తిను, నోరు మూసుకుని."

బస్తా దింపి అలుపు తీర్చుకోడానికి ఆ మనిషి వాళ్ల బల్ల చివరే కూర్చున్నాడు. పెద్దవాళ్లని చూసి మర్యాదగా తల వంచాడు. "మా చెల్లెలు నర్సింగ్ చదువుతోందండీ, ఇక్కడే," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "అనాటమీలో అయిదుకి నాలుగొచ్చింది. మా ఇంట్లో ఎవరికీ రాలేదు నాలుగు. ఊరంతా చెప్పుకుంటున్నాం."

జూరకాన్ గిన్నెలోంచి తలెత్తింది. గిన్నెల కొట్టు దగ్గర ఐజిరెక్ ఒక మూత పట్టుకుని, కదలకుండా, ఇటే చూస్తోంది.

"అలాగా నాయనా," అంది జూరకాన్. "బాగా చదువుతున్నట్టుంది. మధ్యలో మానిపించకండి."

"ఎందుకు మానిపిస్తామండీ!" అన్నాడు అతను నొచ్చుకుని, బస్తా మళ్లీ భుజానికెత్తుకున్నాడు.